వంగిన రేకు - విప్పిన కొలత

కాగితముపై గీచిన గీతకు మందము లేదు, రేకునకు కలదు. వంగిన వస్తువులను కంప్యూటరుపై రూపొందించుటలో కలుగు చిక్కులన్నియు ఈ భేదము నుండియే పుట్టుచున్నవి. రేకును వంచునపుడు దాని వెలుపలి ముఖము సాగును. లోపలి ముఖము ఒత్తిడికి లోనై కుదించుకొనును. ఈ రెంటి నడుమ సాగక, కుదించుకొనక, తన పొడవును నిలుపుకొను పొర యొకటి ఉండును. దానిని తటస్థ తలమందురు.

కంప్యూటరు పుట్టుటకు ఎంతో పూర్వమే కమ్మరి ఈ సంగతి నెరుగును. ఇనుప పట్టీని వలయముగా చుట్టవలసి వచ్చినపుడు, అతడు వలయపు లోపలి వ్యాసమునకు పట్టీ మందమును ఒకమారు కలిపి, ఆ మొత్తమునకు చుట్టుకొలత కట్టును. అనగా మందములో సరిగా నడిమి పొరను లెక్కకు తీసుకొనునన్నమాట. వంపు విశాలముగా ఉన్నంతవరకు ఈ లెక్క చాలును. వంపు ఇరుకైనకొలది తటస్థ తలము నడిమి నుండి లోపలి ముఖము వైపునకు జరుగును. లోపలి ముఖము నుండి దానికి గల దూరమును రేకు మందముతో భాగింపగా వచ్చు సంఖ్యను కె గుణకమందురు. ఇది సాధారణముగా 0.33కును 0.5కును నడుమ ఉండును.

శ్రోతలు ఒక చిన్న ఉదాహరణమును గమనింతురు గాక. 2 మిల్లీమీటర్ల మందము గల రేకును లంబకోణముగా వంచి ఒక బిగింపు పట్టీని చేయవలెను. వెలుపలి కొలతలనుబట్టి దాని భుజములు 50, 30 మిల్లీమీటర్లు. వంపు లోపలి వ్యాసార్థము 3 మిల్లీమీటర్లు. పనికి క్రొత్తవాడు రెండు భుజములను కూడి 80 మిల్లీమీటర్ల రేకును కోయును. అది సరికాదు. ప్రతి భుజములోను వ్యాసార్థము, మందము కలిసి 5 మిల్లీమీటర్లు వంపులోనికి పోవును. మిగిలిన తిన్నని భాగములు 45, 25; మొత్తము 70. కె గుణకము 0.4 అనుకొన్నచో తటస్థ తలపు వ్యాసార్థము 3.8. లంబకోణము 1.571 రేడియన్లు గనుక వంపు పొడవు 5.97. కోయవలసిన రేకు 75.97 మిల్లీమీటర్లు మాత్రమే.

గుణకమును 0.33గా తీసుకొన్నచో వంపు పొడవు 5.75, 0.5గా తీసుకొన్నచో 6.28. ఈ తేడా అర మిల్లీమీటరు మాత్రమే గదా యని తోచవచ్చును. కాని ఒకే రేకులో అట్టి వంపులు నాలుగున్నచో తేడా 2 మిల్లీమీటర్లు దాటును. అప్పుడు పెట్టెకు మూత కూర్చొనదు. మరలకై వేసిన రంధ్రములు ఒకదానితో నొకటి కలియవు. రేకుతోపాటు పనివాని శ్రమయు వ్యర్థమగును.

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఐవాన్ సదర్లాండు స్కెచ్‌ప్యాడ్ అను వ్యవస్థను ప్రదర్శించి, తెరపై గీచిన గీతలు మనము విధించిన నియమములకు లోబడునట్లు చేసెను. నేటి రూపకల్పన సాఫ్టువేరులలో వంపునకు ముఖ్యముగా మూడు మార్గములు కలవు. గొట్టములకు, కడ్డీలకు నడిమిగీతను గీచి, వృత్తమును దాని వెంట నడిపింతురు. దీనిని స్వీప్ అందురు. నడిమిగీత వంపు వ్యాసార్థము గొట్టము వ్యాసార్థము కంటె తక్కువైనచో ఆ రూపము తనలో తానే చొచ్చుకొని చెడును. రేకులకు షీట్ మెటల్ విభాగము వేరుగా కలదు. మందము, వ్యాసార్థము, గుణకము ముందుగా తెలిపినచో వంచిన రూపమును, విప్పిన కొలతను రెంటిని అదియే చూపును. మూడవది, తయారైన ఘనరూపమును తెరపై వంచివేయుట. ఇది చూపునకు ఇంపుగానే ఉండును. కాని లోహము ఎట్లు సాగునో దానికి తెలియదు. ఆ బొమ్మను నమ్మి రేకు కోయరాదు.

విప్పుటకును ఒక హద్దు కలదు. కాగితమును స్తంభమునకు చుట్టవచ్చును, శంకువుగా మలచవచ్చును. బంతికి చుట్టబోయినచో ముడుతలు పడును. సాగకుండ, కుదించుకొనకుండ గోళతలము చదును కాజాలదని జర్మన్ గణితవేత్త గౌస్ 1827లో నిరూపించిన సిద్ధాంతము వలన తెలియుచున్నది. కావుననే సాఫ్టువేరు స్తంభపు వంపులను, శంకువు వంపులను తేలికగా విప్పును. గిన్నెవంటి రూపములకు లోహపు సాగుదలను వేరుగా లెక్కింపవలసి ఉండును.

ఇక లోహపు స్వభావము మిగిలినది. 90 డిగ్రీలకు వంచిన రేకు, యంత్రపు ఒత్తిడి తీయగానే కొంత వెనుకకు తెరుచుకొనును. మెత్తని ఉక్కు కంటె స్టెయిన్‌లెస్ ఉక్కు ఎక్కువగా తెరుచుకొనును. అందుచేత కావలసిన కోణము కంటె కొంచెము అధికముగా వంచుదురు. వంపు రేకు నడుమ ముగియుచోట చిన్న గంటు పెట్టనిచో ఆ మూల చిరుగును.

ఇట్టి స్థితిలో సరియైన గుణకమును ఎట్లు తెలిసికొనవలెను? మార్గము సులభమే. పనికి వాడబోవు రేకు నుండియే ఒక ముక్కను కొలిచి కోసి, పనికి వాడబోవు యంత్రము పైననే వంచి, భుజములను మరల కొలిచి, వెనుకకు లెక్క కట్టవలెను. ఆ సంఖ్యను సాఫ్టువేరునకు ఇచ్చిననాడు తెరపై కొలతయు బల్లపై కొలతయు ఏకమగును. పుస్తకములోని పట్టిక ఆరంభమునకు మాత్రమే పనికివచ్చును. కావున తెర ముందు కూర్చొను యువకుడు యంత్రము వద్ద నిలుచు పనివానిని అడుగుటకు సంకోచింపరాదు; అతనికి కావలసిన సంఖ్య అక్కడనే ఉన్నది.