పురుగుమందు పశువు ఒంట్లో నడిచే దారి

పశువు ఒంట్లోకి పురుగుమందు మేతతో, నీటితో, గాలితో, చర్మం గుండా చేరుతుంది. అన్నింటిలో మేతదే పెద్ద వాటా. పెద్దపల్లి జిల్లాలో వానకాలం, యాసంగి రెండింటా వరి పండుతుంది. మొగిపురుగుకూ దోమకూ మందు కొట్టిన ఆ పైరు గడ్డే ఏడాది పొడుగునా బర్రెల మేత. పత్తి ఏరుడు ముగిసిన చేలల్లో జీవాల మందలు దిగుతాయి. తవుడు, పత్తిచెక్క దాణాగా వస్తాయి. గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీల్లోని గని కార్మికుల ఇళ్లకు చేరే పల్లె పాల వెనక ఉన్నది ఈ మేతే. కోరుట్ల పశువైద్య కళాశాల నుంచి పట్టా అందుకుని ఈ ప్రాంతపు పశువైద్యశాలల్లో చేరే యువ వైద్యులకు అందుకే ఒంట్లో మందు నడిచే దారి పరీక్షతో తీరిపోయే పాఠం కాదు.

నెమరువేసే పశువుల్లో తొలి మార్పు రూమెన్ అనే మొదటి పొట్టలోనే మొదలవుతుంది. అక్కడి సూక్ష్మజీవులు పారాథియాన్ అనే పురుగుమందులోని నైట్రో సమూహాన్ని అమైనో సమూహంగా మారుస్తాయి. అలా ఏర్పడిన పదార్థానికి విషగుణం బాగా తక్కువ. రూమెన్ దాటి పేగుల నుంచి రక్తంలో కలిసినది కాలేయానికి చేరుతుంది. కాలేయం పని రెండు దశల్లో సాగుతుంది. మొదట సైటోక్రోమ్ పి450, ఎస్టరేజ్ ఎంజైములు మందు అణువును ఆక్సీకరిస్తాయి, లేదా నీటి సాయంతో విడగొడతాయి. తర్వాత ఆ ముక్కలకు గ్లూకురోనిక్ ఆమ్లం, సల్ఫేట్, గ్లూటథయోన్ వంటివి జతపడి అవి నీటిలో కరిగేలా తయారవుతాయి. చిన్న అణువులు మూత్రపిండాల గుండా మూత్రంలోకి, పెద్దవి పైత్యరసంతో పేడలోకి పోతాయి. పైత్యరసంతో వచ్చినదంతా బయటపడదు. పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ జతను విడగొడితే మందు మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది.

కాలేయం చేసే మార్పు ప్రతిసారీ మేలు చేస్తుందనుకోవడం పొరపాటు. క్లోర్‌పైరిఫాస్ అక్కడే ఆక్సాన్‌గా మారి, మూల మందు కన్నా ఎంతో గట్టిగా నరాల్లోని కోలినెస్టరేజ్ అనే ఎంజైమును బంధిస్తుంది. ఆ ఆక్సాన్‌ను మరో ఎంజైము విడగొట్టగలిగితేనే పశువు బతుకుతుంది. అప్పుడు మిగిలే ట్రైక్లోరోపిరిడినాల్ మూత్రంలో పోతుంది. హెప్టాక్లోర్ కథ ఇంకా కఠినం. 1982లో హవాయిలోని ఓహూ దీవిలో అనాస ఆకుల తరుగును పాడి ఆవులకు మేపారు. ఆ తోటల్లో వాడిన హెప్టాక్లోర్ ఆవుల ఒంట్లో మరింత మొండిదైన హెప్టాక్లోర్ ఇపాక్సైడ్‌గా మారి పాలలో బయటపడింది. దుకాణాల్లోని పాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పంట మనుషుల కోసం, ఆకు పశువుల కోసం అనే ఆ లెక్క వరిగడ్డి లెక్క లాంటిదే.

ఏ మందు ఎంతకాలం ఒంట్లో నిలుస్తుందన్నది అది నీటిలో కరుగుతుందా, కొవ్వులో కరుగుతుందా అన్నదాన్ని బట్టి చాలావరకు తేలిపోతుంది. ఇమిడాక్లోప్రిడ్ నీటి వైపు మొగ్గుతుంది. ప్రయోగశాల ఎలుకల్లో అది రెండు రోజుల్లోనే దాదాపు పూర్తిగా, ఎక్కువగా మూత్రంలో బయటికి పోయింది. గోమార్లకు పూసే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ కొవ్వులో కరిగేవే అయినా, వాటి ఎస్టర్ బంధాన్ని కాలేయం తేలిగ్గా తెంచుతుంది కాబట్టి పాలలోకి కొద్దిగానే వస్తాయి. డీడీటీ, బీహెచ్‌సీలకు అలా తెగే బంధం లేదు. డీడీటీ నుంచి వచ్చే డీడీఈ కొవ్వులో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. పాడి పశువుకు దాన్ని వదిలించుకునే ముఖ్యమైన దారి పొదుగు, అంటే పాల వెన్న. ఈనిన కొత్తలో మేత చాలక ఒంటి కొవ్వు కరిగినప్పుడు పాత నిల్వ కూడా పాలలోకి దిగుతుంది. ఆ పాలు మొదట తాగేది దూడే. భారత వైద్య పరిశోధన మండలి 12 రాష్ట్రాల నుంచి సేకరించి పరీక్షించిన 2205 ఆవు, గేదె పాల నమూనాల్లో దాదాపు 82 శాతంలో డీడీటీ అవశేషాలు కనిపించాయి. ఆ ఫలితాలు 1993లో వెలువడ్డాయి. అప్పటికే వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని నిషేధించారు. బీహెచ్‌సీపై నిషేధం 1997లో వచ్చింది.

తెలంగాణలో ఈ చర్చను ఊరూరా తెచ్చినది 2006 వరంగల్ ఉదంతం. ఏరుడు అయిన బీటీ పత్తి చేలల్లో మేసిన గొర్రెలు చనిపోయాయి. కాపరులు బీటీ ఆకునే అనుమానించారు. కేంద్ర జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ మాత్రం నైట్రేట్లు, నైట్రైట్లు, హైడ్రోజన్ సయనైడ్, ఆర్గానోఫాస్ఫేట్ అవశేషాలు కారణం కావచ్చంది. వివాదం దానితో ఆగలేదు. మంద పడిపోయిన రోజునే సరైన నమూనాలు చేతిలో ఉండటం ఎంత అవసరమో మాత్రం ఆ ఉదంతం చూపింది.

మందు పశువు ఒంట్లో ఏమవుతుందో తేల్చే పరీక్షలకు ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) నియమావళి ఉంది. పాలిచ్చే మేకకు కనీసం 5 రోజులు, గుడ్లు పెట్టే కోడికి కనీసం 7 రోజులు రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు పెట్టిన మందు ఇచ్చి పాలు, గుడ్లు, కాలేయం, కొవ్వు, కండ, విసర్జకాలన్నింటిలో దాని జాడ లెక్కిస్తారు. తర్వాత పాడి ఆవులకు కనీసం 28 రోజులు మేపి పాలలో నిలకడగా తేలే మోతాదు చూస్తారు. పాలు, మాంసం, గుడ్లలో అనుమతించే గరిష్ఠ పరిమితులకు ఆధారం ఇదే.

పల్లె పశువైద్యశాలలో ఇదంతా ఏ నమూనా తీయాలన్న ప్రశ్నగా ఎదురవుతుంది. చొంగ కార్చి, పారుకుంటూ, వణుకుతున్న గొర్రెకు అట్రోపిన్ ఇవ్వడంతో పాటు కోలినెస్టరేజ్ కోసం రక్తం తీయాలి. చనిపోతే మెదడు, కాలేయం, రూమెన్‌లోని మేత కావాలి. క్లోర్‌పైరిఫాస్ అనుమానం ఉంటే బతికిన పశువు మూత్రం పనికొస్తుంది. డీడీటీ జాతి మందులకు మూత్రం చూసి లాభం తక్కువ, వెన్న తీయని పాలు గానీ కొవ్వు గానీ పంపాలి. వీటన్నింటితో పాటు ఆ పశువు మేసిన గడ్డి గుప్పెడు, చేనుకు ఏ మందు ఏ రోజు కొట్టారన్న రైతు మాట నమూనా చీటీ మీద ఉండాలి.