టీకా దినమున తకిలీ
(తల్లిదండ్రుల సభలో చదివిన ప్రసంగము)



మగ్గము ఆపిన గంటకు కూలి పోవుననియు, బీడీల చేటను ప్రక్కకు నెట్టి వచ్చిన తల్లికి నేటి లెక్క తగ్గుననియు మాకు తెలియును. కావున పొడిగింపక విషయమునకు వత్తుము.

పదియవ ఏటను, పదునారవ ఏటను పిల్లలకు వేయవలసిన టీడీ టీకాను గూర్చియు, ఆ టీకా వేసిన పిమ్మట రెండు దినములు బిడ్డ ఇంట ఎట్లు గడపవలెనో దానిని గూర్చియు మేము చెప్పదలచినాము. రెండవది చిన్న సంగతివలె తోచును. కాని మొదటి దానికి అడ్డుపడుచున్నది ఈ రెండవదే యని మేము గమనించినాము. టీకా దినమున తరగతులలో బల్లలు ఖాళీగా నుండును. కారణమడిగినచో ఏ తల్లియు “టీకా చెడ్డది” అని అనదు. “చేయి నొచ్చును, ఒళ్లు వెచ్చబడును, రెండు దినములు బిడ్డ మూలుగుచు కూర్చుండును, నా పని సాగదు, చూచువారెవరు?” అని యందురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము చెప్పక ఊరక “టీకా వేయింపుడు” అని కేకలు వేయుట వలన ప్రయోజనము లేదు.

ముందుగా టీకా సంగతి. ఇది ధనుర్వాతమునుండియు, కంఠసర్పినుండియు కాపాడును. ధనుర్వాతపు క్రిమి మట్టిలోను, పశువుల పేడలోను ఉండును; చిన్న గాయము చాలును, లోనికి ప్రవేశించును. కంఠసర్పి గొంతులో పొరకట్టి ఊపిరి సలుపనీయదు. ఒకరినుండి మరొకరికి సోకును. శైశవమున వేసిన టీకాల బలము ఏండ్లు గడచిన కొలది తగ్గును గనుక పదియవ ఏట ఒకసారి, పదునారవ ఏట మరియొకసారి దానిని నిలబెట్టవలెను. “చిన్ననాడే అన్నియు వేయించితిమి గదా” అనువారికి ఇదే మా ప్రత్యుత్తరము.

టీకా వేసిన చోట నొప్పి, కొంచెము ఎరుపు, వాపు, ఒక్కొక్కరికి స్వల్ప జ్వరము, తలనొప్పి, అలసట కలుగవచ్చును. ఇవి సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గిపోవును. దేహము కొత్త పాఠము నేర్చుకొనుచున్నదని అనుకొనుడు. ఆ చోట పసుపు, సున్నము పూయరాదు, గట్టిగా రుద్దరాదు. ఇంట నున్న మాత్రను తోచినట్లు వేయక డాక్టరును గాని నర్సమ్మను గాని అడుగవలెను. ఒంటిపై దద్దురులు లేచినను, ముఖము వాచినను, ఊపిరి కష్టమైనను క్షణము ఆలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను. జ్వరము రెండు దినములు దాటి నిలిచినను చూపింపవలెను. టీకా వేసినవెంటనే అరగంట కూర్చుండబెట్టుట ఇందుకే. ఎదిగిన పిల్లలలో కొందరు భయముచేతనే కండ్లు తిరిగి పడిపోవుటయు కలదు.

ఇక చేయి నొచ్చుచున్నదని దానిని మడచి ఒడిలో పెట్టుకొని దినమంతయు కదలింపకున్నచో అది మరింత బిగిసికొనును. మెల్లగా ఆడించుట మేలు. అట్లని కబడ్డీ ఆడుమనలేము. మంచమున పడుకొనబెట్టి చేతికి ఫోను ఇచ్చుట మన ఇండ్లలో నేడు జరుగుచున్న పద్ధతి. బిడ్డ ఊరకుండును, నిజమే. కాని వేళకు నిద్రపోదు, నీళ్లు త్రాగదు, ఇంటిలోనివారితో ఒక్క మాటయు పలుకదు. కావున బరువు లేనిదియు, తొందర లేనిదియు, రెండు చేతులకును కొంచెము కొంచెముగా పని కలిగించునదియు నగు పని యొకటి కావలెను. అందుకే మేము తకిలీని ఎంచుకొన్నాము.

తకిలీ మీలో పెద్దవారు చూచియే యుందురు. జానెడు సన్నని కడ్డీ, దాని అడుగున ఇత్తడి బిళ్ల, కొనయందు చిన్న కొక్కెము. ఇంతకంటె యంత్రము లేదు. కొబ్బరి చిప్పలోనో, చిన్న గిన్నెలోనో దాని మొన నిలిపి, కుడిచేతి బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను గిఱ్ఱున త్రిప్పవలెను. ఎడమచేత ఏకును పట్టుకొని మెల్లగా వెనుకకు లాగవలెను. పురి ప్రాకుచు పైకి వచ్చును, దూది దారమగును. దారము చాలినంత సాగిన పిమ్మట కొక్కెమునుండి విడిపించి బిళ్లపైన చుట్టవలెను. మరల మొదలు. ఏకును గట్టిగా పట్టినచో దారము తెగును, వదులుగా పట్టినచో గడ్డలు కట్టును. ఈ పట్టు వ్రేళ్లకు తెలియుటకే మొదటి దినము సరిపోవును.

టీకా సాధారణముగా ఎడమ భుజమునకు వేయుదురు. ఆరితేరినవారు ఎడమచేతిని తల దాటించి పొడుగైన పోగు తీయుదురు. టీకా వేసికొన్న బిడ్డకు అట్టి పోటీ వలదు. చేయి రొమ్ము ఎత్తునకు లేచిన చాలును. మూరెడు పోగు తీసి చుట్టుకొనవలెను. నొప్పి కలిగినచో ఆపవలెను, తోచినచో మరల త్రిప్పవలెను. కాలు గంట అయిన పిమ్మట నీళ్లు త్రాగించుడు. తల తిరుగుచున్న బిడ్డకు మొన గల వస్తువు ఈయరాదు. ఉబ్బసము గల పిల్లలకు దూది పని వలదు; వారికి వడికిన దారమును ఉండగా చుట్టు పని ఈయవచ్చును. దూది దుమ్ము ఊపిరికి ఏమి చేయునో మిల్లులలో పనిచేసిన కుటుంబములకు మేము చెప్పనక్కరలేదు.

తకిలీ జ్వరమును తగ్గించునని మేము చెప్పుట లేదు. అది మందు కాదు. చేయి నొప్పి చేతిలోనే యుండును. బిడ్డ మనస్సు మాత్రము దానిని అంటిపెట్టుకొని యుండదు. అంతే.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సభ పిమ్మట తకిలీ అనేక పాఠశాలలకు వచ్చినది. చేతిపని ద్వారా చదువు నేర్పవలెనను గాంధీ మహాత్ముని తలంపు దానికి మూలము. ఇచ్చట ఒక సంగతి దాచకుండ చెప్పవలెను: ఆ మహాత్ముడు మసూచికపు టీకాను ఆమోదింపలేదు, దానిని నిరసించుచు వ్రాసినాడు కూడ. కాని ఆ టీకా వలననే మన దేశములో మసూచికము 1975తో ఆగినది. 1980లో ప్రపంచమునుండియే తొలగినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. పెద్దల మాటలలో మేలైనది తీసికొనుటకును, కానిదానిని గౌరవముతోనే విడుచుటకును మనకు స్వాతంత్ర్యము గలదు. మేము తకిలీని తీసికొన్నాము, టీకాను విడువలేదు.

మరియొక ప్రయోజనమును మేము ముందు ఊహింపలేదు. గత సంవత్సరము పదవ తరగతి బాలిక యొకతె టీకా వేయించుకొని తకిలీతో ఇంటికి పోయినది. తల్లి బీడీల పనిలో నున్నది. నాయనమ్మ ప్రక్కన కూర్చున్నది. పద్మశాలీలమైన మనము నేతవారము గాని వడుకువారము కాము. ఈ షోలాపురమున 1870 దశకములోనే నూలు మిల్లు వెలసినది, మన పెద్దలకు నూలు సిద్ధముగానే దొరికినది. కావున ఆ నాయనమ్మకును వడుకుట రాదు. కాని తెగిన పోగును అతుకుట ఆమె వ్రేళ్లకు తెలియును. “ఇట్లా కాదు బిడ్డా, కొసలు రెండును విప్పి మెలిపెట్టు” అని చేయి పట్టుకొని చూపినదట. అక్కడనుండి మాటలు సాగినవి. గుంటమగ్గము, నాడె, అచ్చు, పడుగు, పేక, ఆసుపోయుట, చిన్ననాడు తాను రాట్నముపై చుట్టిన కండెలు. బాలిక ఆ మాటలన్నియు ఒక కాగితముపై వ్రాసికొని మా వద్దకు తెచ్చినది. అందులో సగము మా తెలుగు వాచకములలో లేవు.

మన పిల్లలు వీధిలో మరాఠీ చక్కగా మాటాడుదురు. మాడవలెను కూడ, ఇది మనకు అన్నము పెట్టిన గడ్డ. టకళీ, పేళూ అను మరాఠీ మాటలు వారికి సులభముగా వచ్చును. కాని పేళూను మనము ఏకు అందుమని ఎందరు ఎరుగుదురు? తరగతిలో “ఏకు మేకైనట్లు” అను సామెతకు అర్థమడిగితిమి. మెత్తగా నుండినవాడు మొండికెత్తుట అని అందరును చెప్పిరి. ఏకు అనగా నేమి అని అడిగినచో ఒక్కరును పలుకలేదు. చేతిలో ఏకు పెట్టిన పిమ్మట మరల అడుగవలసిన పని లేకపోయినది. తెలుగు పాఠశాలను నిలుపుటకు మేమును సంఘమువారును పడుచున్న పాట్లు మీరెరుగుదురు. కాని నాయనమ్మ నోటినుండి వచ్చు మాటలను మేము జీతమిచ్చి తేలేము.

పిల్లలు వడికిన నూలు ముతకది, ఎగుడు దిగుడుది, మగ్గమునకు ఎక్కదు. వెక్కిరింపకుడు. ఆ దారమును రెండు పేటలుగా పురిపెట్టి పాఠశాలలో చిత్తు పుస్తకములు కుట్టించుచున్నాము, గట్టిగానే నిలుచుచున్నవి.

టీకా వేయు దినమును ముందుగా చీటీ పంపి తెలియజేయుదుము. ఆ చీటీపై సంతకము చేసి, బిడ్డ వయస్సు స్పష్టముగా వ్రాసి పంపుడు. బిడ్డ ఏమైనను తిని రావలెను; భుజము చూపుటకు వీలగు చొక్కా తొడుగుకొని రావలెను. ఇదివరకు ఏ టీకా వలననైన గట్టి బాధ కలిగియుండినచో ముందే చెప్పుడు. టీకా పిమ్మటి అరగంటలో, కండ్లు తిరుగుట లేని పిల్లలకు పాఠశాల వరండాలోనే తకిలీ పట్టుట చూపుదుము. ఇంటికి పోవునప్పుడు తకిలీయు ఏకుల పొట్లమును ఇచ్చి పంపుదుము. మన యొద్ద ముప్పది తకిలీలే యున్నవి గనుక నాలుగవ దినమున తప్పక తిరిగి పంపవలెను. ఏకులు మిగిలినచో పంపనక్కరలేదు, నాయనమ్మ యొద్దనే యుండనిండు.