దానమునకు రసీదే సాక్ష్యము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన తెలుగునాట దానము చేయుట క్రొత్త కాదు. దానిని వ్రాసి ఉంచుటయు క్రొత్త కాదు. చెరువు త్రవ్వించినవారును, సత్రమునకు భూమి ఇచ్చినవారును దాత పేరు, పుచ్చుకొన్నవారి పేరు, ఇచ్చిన వస్తువు, తిథి వారములు రాతిపై చెక్కించిరి. ఆ శాసనములు నేటికిని అనేక గ్రామములలో నిలిచియున్నవి. నేడు ఆదాయపు పన్ను చట్టము అడుగునదియు ఇంచుమించు ఆ వివరములనే. రాతి స్థానమున రసీదు, బ్యాంకు లెక్క, పాన్ సంఖ్య వచ్చినవి.

బడికి గది కావలెననినను, మంచినీటి ట్యాంకు కావలెననినను ఉద్యోగులు, వర్తకులు, పట్టణములలో స్థిరపడిన మన గ్రామస్థులు ధనసహాయము చేయుచున్నారు. వ్యవసాయ ఆదాయముపై కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను లేదు గనుక, కేవలము సేద్యముపై జీవించు రైతునకు ఈ మినహాయింపుతో పనిలేదు. పన్ను చెల్లించు దాతకు మాత్రము ఇది ముఖ్యము. ఆయనకు దక్కవలసినది మన అజాగ్రత్తవలన దక్కకపోయినచో, మరుసటి పర్యాయము ఆయన వెనుకాడును. నష్టపడునది గ్రామమే.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 80జి సెక్షను ఈ మినహాయింపును నిర్ణయించినది. దాని స్థానమున 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు పార్లమెంటు 2025లో క్రొత్త చట్టము చేసినది. సెక్షను సంఖ్య మారినను మూలసూత్రము మారలేదు.

పదివేలు ఇచ్చినచో పన్నులో పదివేలు తగ్గునని కొందరు తలంతురు. అది సరికాదు. తగ్గునది పన్ను కాదు, పన్ను లెక్కించు ఆదాయము. ఆమోదము పొందిన ధర్మసంస్థకు ఇచ్చినదానిలో సాధారణముగా సగమే తీసివేయుదురు. 20,000 రూపాయలు ఇచ్చిన దాతకు ఆదాయములో 10,000 తగ్గును. ఆయన 20 శాతము రేటున పన్ను కట్టువాడైనచో, సెస్సు గాక, మిగులునది 2,000 రూపాయలు. దాత ఆదాయములో పదియవ వంతునకు మించిన విరాళము లెక్కకు రాదు. ముఖ్యమంత్రి సహాయనిధి వంటి వానికి ఈ హద్దు లేదు, మొత్తమంతయు తీసివేయుదురు.

ప్రభుత్వమునకు గాని స్థానిక సంస్థకు గాని ధర్మకార్యమునకై ఇచ్చిన ధనమునకు కూడ సగము లెక్క వర్తించును. అయితే కేవలము మతసంబంధమైన కార్యము ఇందులో చేరదు. గుడి, మసీదు, చర్చి మరమ్మతులకు ఇచ్చినచో, ఆ కట్టడము కేంద్రప్రభుత్వము ప్రకటించినదై ఉండవలెను. మరియొక సంగతి: 2023-24 ఆర్థిక సంవత్సరము నుండి, వేరుగా కోరుకొననివారికి క్రొత్త పన్ను విధానమే వర్తించుచున్నది. అందులో ఈ మినహాయింపు లేదు. పాత విధానమును కోరుకొన్న దాతకే ఇది లభించును.

ఇక సాక్ష్యము విషయమున వచ్చు చిక్కులు చూతము.

మొదటిది నగదు. 2017-18 నుండి 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళమునకు మినహాయింపు లేదు. చెక్కు గాని బ్యాంకు ద్వారా గాని ఇవ్వవలెను.

రెండవది వస్తువు. సిమెంటు బస్తాలు, బియ్యము, స్థలము ఇచ్చుట పుణ్యకార్యమే గాని పన్ను లెక్కకు రాదు. సిమెంటు కొనుటకు ధనమును చెక్కు రూపమున ఇచ్చినచో వచ్చును.

మూడవది పేరు. నలుగురు పెద్దలు చేరి ఏర్పరచుకొన్న కమిటీకి ఆమోదము లేనిచో, దాని రసీదు ఎంత అందముగా అచ్చువేసినను చెల్లదు. వ్యక్తి పేరిట వ్రాసిన చెక్కును చెల్లదు.

నాలుగవది దాతల పట్టిక. ఆమోదము పొందిన ధర్మసంస్థలు ప్రతి దాత పేరు, పాన్ లేక ఆధార్ సంఖ్య, ఇచ్చిన మొత్తము ఆదాయపు పన్ను శాఖకు తెలుపవలెను. 2021-22 నుండి వచ్చిన ఈ నియమము ప్రకారము, ఆర్థిక సంవత్సరము ముగిసిన పిమ్మట మే 31 లోపల పట్టిక పంపి దాతకు ధ్రువపత్రము ఇవ్వవలెను. పట్టికలో పేరు లేనిచో, దాతచేతిలో రసీదు ఉన్నను చిక్కు తప్పదు.

కావున విరాళము స్వీకరించినప్పుడే అది ఎవరి ఖాతాకు చేరుచున్నదో దాతకు తెలుపుడు. పంచాయతీకి ఇచ్చినది పంచాయతీ నిధిలోనే జమచేసి, ఏ కార్యమునకో రసీదుపై వ్రాయించుడు. ధర్మసంస్థకు ఇచ్చినదైనచో దాని ఆమోదపు సంఖ్య, గడువు చూచుడు. విదేశ పౌరసత్వము పొందిన బంధువులు పంపు ధనమునకు 2010 నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము అడ్డువచ్చును. ముందుగా విచారింపక స్వీకరింపరాదు.

చెక్కు పుచ్చుకొని, కొంత ఉంచుకొని, తక్కినది నగదుగా తిరిగి ఇచ్చి పూర్తి మొత్తమునకు రసీదు వ్రాయుమని అడుగువారును ఉందురు. అది దానము కాదు, మోసము. గ్రామమునకు ఎంత అవసరమున్నను అట్టి రసీదుపై సంతకము చేయకుడు.

ఇచ్చినవాని పేరు రసీదులోను, ఇచ్చిన ధనము లెక్కలోను, ఆ ధనముతో జరిగిన పని గ్రామస్థుల కండ్లయెదుటను కనబడవలెను. ఈ మూడును సరిపోయిననాడు దాతలకు కొరత ఉండదని మనవి చేయుచున్నాను.