ఇంటర్నెట్ ఫోను: సంతకానికి ముందు మూడు ప్రశ్నలు

(నాగారంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యాలయంలో పాత టెలిఫోను తీసివేసి ఇంటర్నెట్ ఫోను పెట్టాలన్న ప్రతిపాదన నేటి ఎజెండాలో ఉన్నది. మన దేశంలో ఇంటర్నెట్ ద్వారా మాట్లాడడానికి 2002 ఏప్రిల్‌లో పరిమితంగా అనుమతి వచ్చింది. మామూలు నంబర్లకు కూడా మాట్లాడే దారి 2018లో తెరుచుకున్నది. ఇందులో ఖర్చు తక్కువ. ఒకే నంబరుకు వచ్చిన పిలుపు నలుగురు కార్యవర్గ సభ్యుల ఇళ్ళలో మోగుతుంది. నేను దీనికి వ్యతిరేకిని కాను. అయితే ఫైలు పూర్తిగా చదివిగాని సంతకం చేయరాదని మనకు ఉద్యోగం నేర్పింది. కనుక మూడు ప్రశ్నలు సభవారి ముందుంచుతున్నాను.

మొదటిది, కరెంటు పోతే ఎలా? పాత ఫోనుకు కావలసిన కరెంటు, సుమారు 48 వోల్టులు, ఎక్స్ఛేంజి నుంచి ఆ రాగి తీగ మీదే వచ్చేది. అక్కడ బ్యాటరీలు ఉండేవి. అందుకే ఊరంతా చీకటైనా ఫోను మోగేది. కొత్త ఫోను మన గోడకున్న ప్లగ్గును నమ్ముకుంటుంది. ఆ బాధ్యత ఇప్పుడు మనది. ఫైబరు పెట్టెకు, రౌటరుకు, ఫోనుకు కలిపి యూపీఎస్ తప్పనిసరి.

రెండవది, నెట్ ఆగితే ఎలా? ఈ యంత్రం మాటను సాధారణంగా సెకనుకు 50 ముక్కలు చేసి పంపుతుంది. తపాలాలో ఉత్తరం ఆలస్యమైనా చదువుకోవచ్చును. మాటలో ముక్క ఆలస్యమైతే అది వృథా. లైను తెగినప్పుడు పిలుపు దానంతటదే ఒక మొబైలుకు మళ్ళే ఏర్పాటు ఉండాలి. కంపెనీవారి నోటిమాట చాలదు. రౌటరు తీగ పీకి, మొబైలు మోగుతున్నదో లేదో మనమే చూడాలి. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి మన సభ్యుని భార్య చేసే ఫోను మోగకపోతే, ఆదా చేసిన డబ్బు ఆమెకు ఎందుకు?

మూడవది, తాళం ఎవరి చేతిలో? పాస్‌వర్డు 1234 అని వదిలేస్తే, దొంగలు ఊహించి మన లైను మీద రాత్రికి రాత్రే విదేశాలకు మాట్లాడుకుంటారు. బిల్లు మనకు వస్తుంది. పొడుగాటి పాస్‌వర్డు పెట్టాలి, ఐఎస్‌డీ మూసివేయాలి, రోజువారీ ఖర్చుకు పరిమితి విధించాలి. మాటను సీలు కవరులో పెట్టినట్టు రహస్య లిపిలో పంపే సదుపాయం ఉన్నదా అనీ అడగాలి. దానికి ఎస్ఆర్‌టీపీ అని పేరు.

మరొక్క మాట. తెరమీద కనబడే నంబరు సాక్ష్యం కాదు. ఇంటర్నెట్ పిలుపులో ఇతరుల నంబరు చూపించి మోసగించవచ్చును. విదేశాల నుంచి మన దేశపు నంబర్లతో వచ్చే దొంగ కాల్స్‌ను ఆపడానికి కేంద్ర టెలికాం శాఖ 2024 అక్టోబరులో ఒక ఏర్పాటు ప్రారంభించింది. అయినా మన జాగ్రత్త మనకుండాలి. పెన్షన్ ఆగిపోతుందని ఓటీపీ అడిగినా, డిజిటల్ అరెస్టు అని బెదిరించినా ఫోను పెట్టేయండి. అటువంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి చెప్పండి.

ఈ మూడు షరతులు మినిట్స్‌లో చేర్చిన పక్షంలో ప్రతిపాదనను నేను బలపరుస్తున్నాను.