అడిగి అడుగేద్దాం

(జాతీయ సేవా పథకంలో పనిచేస్తున్న మన విద్యార్థులను ఉద్దేశించి సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేము దారుల గురించి మాట్లాడదలచుకున్నాం. మీలో చాలామంది డిగ్రీ, జూనియర్ కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ వాలంటీర్లు. ఏడు రోజుల శిబిరానికి వెళ్తారు. పార, పలుగు, గంప పట్టుకొని దారులు బాగు చేస్తారు. జలపాతాల దగ్గర, గుట్టల మీద చెత్త ఏరుతారు. మంచి పనే. అయితే ఆ దారి ఎవరికోసం, ఎవరిని అడిగి వేస్తున్నామన్నది ముందే తేల్చుకోవాలి. అది తేల్చుకోకపోతే చెమట వృథా అవుతుంది. ఒక్కోసారి మన ఊరికే చేటవుతుంది.

ఈ పథకం ఎప్పుడు పుట్టిందో గుర్తు చేసుకుందాం. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో, సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. కోణార్క రథచక్రం దాని గుర్తు. 'నేను కాదు, మీరు' దాని నినాదం. వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. దానికితోడు ప్రత్యేక శిబిరం ఉంటుంది. ఆ శిబిరం జరిగే ఊరిని 'దత్తత గ్రామం' అంటారు.

ఆ మాట దగ్గర మనం కొంచెం ఆగుదాం. దత్తత తీసుకునేది తల్లిదండ్రులు లేని బిడ్డను. మన గూడేలకు పటేల్ ఉన్నాడు, దేవారి ఉన్నాడు, పెర్సపేన్ ఉన్నాడు, తరతరాల పెద్దలున్నారు. మన ఊరు ఎవరికీ దత్తపుత్రుడు కాదు. శిబిరానికి వచ్చేవాళ్లు చుట్టాల్లా రావాలి. చుట్టం ఇంటికొస్తే ముందు గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తాడు. లోపలికి వచ్చాకే పనిలో చెయ్యి వేస్తాడు.

దారి విషయంలో మనవాళ్లకున్న క్రమశిక్షణ చూడాలంటే కేస్లాపూర్ నాగోబా జాతరను చూడండి. మెస్రం వంశస్థులు కాలినడకన వెళ్లి, జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగులో గోదావరి జలం తీసుకొని మళ్లీ నడిచే వస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ జలంతో నాగోబాకు అభిషేకం. ఏ దారిన పోవాలో, ఏ ఊళ్లో రాత్రి బస చేయాలో ముందే పెద్దలు కూర్చొని నిర్ణయిస్తారు. ఆ దారికి బోర్డులు అక్కర్లేదు. నడిచేవాళ్ల జ్ఞాపకంలో అది పదిలంగా ఉంది. ఈ రోజుల్లో ట్రెక్కింగ్ అని పిలిచే దానికి మన దగ్గర ఇంత పాత సంప్రదాయం ఉంది.

ఇప్పుడు మన కొండలకు జనం పెరిగారు. నేరడిగొండ మండలంలో కడెం వాగు మీది కుంటాల జలపాతానికి, కెరమెరి ఘాట్లకు, కుమ్రం భీం 1940లో నేలకొరిగిన జోడేఘాట్‌కు దూరం నుంచి వస్తున్నారు. గోదావరికి ఆవల పాత కరీంనగర్ జిల్లాలో రామగిరి ఖిల్లాకు, మొలంగూర్ గుట్టకు విద్యార్థులు ఎక్కుతున్నారు. రామగిరికైతే వనమూలికలు చూడటానికి వృక్షశాస్త్రం చదివేవాళ్లు ప్రత్యేకంగా వెళ్తారు. రానివ్వండి. కాని వచ్చినవాళ్లు విడిచిపోయే ప్లాస్టిక్‌ను పశువులు తింటున్నాయి. జలపాతాల దగ్గర సెల్ఫీల కోసం జారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఇంకో వైపు చూడండి. వానాకాలం వాగు పొంగితే ఎన్నో గూడేలకు రాకపోకలు బంద్. నిండు గర్భిణిని మంచం మీద మోసుకొని, లేదా ఎడ్లబండిలో వాగు దాటించి, 108 వాహనం ఆగే చోటికి తీసుకుపోవాల్సి వస్తోంది. బడికి పోయే పిల్లలు మోకాలి లోతు బురదలో నడుస్తున్నారు. మన చేతుల్లో ఉన్నది ఏడు రోజులు, కొన్ని పారలు. వాటిని జలపాతం మెట్లకు పెట్టాలా, ఆ తల్లిని మోసే దారికి పెట్టాలా? మా మాట ఒక్కటే: ముందు ఊరి దారి, తర్వాత చూడటానికి వచ్చేవాళ్ల దారి.

ఈ మాట శిబిరం మొదలయ్యే రోజు చెబితే ఆలస్యం అవుతుంది. చోటు, పని ఖరారయ్యే సమయంలోనే ప్రోగ్రాం ఆఫీసర్‌తో మాట్లాడాలి. ఆ మాట మాట్లాడగలిగేది మీరే. కాలేజీ భాష మీకు తెలుసు, గూడెం భాషా మీకు తెలుసు. మైదానం నుంచి వచ్చిన మీ తోటి వాలంటీర్లకు గోండి రాదు, కొలామి రాదు. వాళ్ల మనసు మంచిదే. అడగాల్సిన మనిషి ఎవరో వాళ్లకు తెలియదు. ఆ మనిషి దగ్గరికి వాళ్లను తీసుకుపోవడమే మీ మొదటి సేవ.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు బలమిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం బడి, అంగన్‌వాడీ, తాగునీరు, రోడ్డు వంటి ఊరి అవసరాలకు ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. ఆ పనికి గ్రామసభ సిఫారసు తప్పనిసరి. కాబట్టి అడవిలో కొత్త దారి తీయడం వాలంటీర్ల సొంత నిర్ణయం కాకూడదు. కవ్వాల్ పులుల అభయారణ్యం పరిధిలో అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా పలుగు దించొద్దు. ఉన్న కాలిబాటను బాగు చేయడానికే మన శక్తి పెడదాం.

బాగు చేయడంలోనూ పెద్దల మాట వినాలి. పాత బాట గుట్టను చుట్టి వంకరగా ఎందుకు పోతుంది? నిటారుగా తీసిన దారి మీద వాన నీరు వేగంగా దిగుతుంది. మట్టిని కోసుకుపోతుంది. రెండు వానలకే దారి వాగు అవుతుంది. అందుకే దారికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా రాళ్లు పాతి నీటిని కింది పక్కకు మళ్లించాలి. ఆ రాళ్ల వెనక చేరిన మట్టిని వానలకు ముందు ఒకసారి, వానల తర్వాత ఒకసారి ఎత్తిపోయాలి. శిబిరం ఏడు రోజుల్లో ముగుస్తుంది, దారి పని ముగియదు. అమెరికాలో అపలాచియన్ ట్రైల్ అనే కాలిబాట 14 రాష్ట్రాల గుండా దాదాపు 3,500 కిలోమీటర్లు ఉంటుంది. దాన్ని స్థానిక స్వచ్ఛంద సంఘాలు ముక్కలుగా పంచుకొని, ఎవరి ముక్కను వాళ్లు ఏటా చూసుకుంటాయి. మన సంఘం యువకులు కూడా ఒక్కో గూడెం బాటను అలా పంచుకోవచ్చు.

ఇక పేర్ల సంగతి. ప్రతి వాగుకు, ప్రతి గుట్టకు మన భాషలో పేరుంది. బోర్డు పెట్టేటప్పుడు ముసలివాళ్లను అడిగి ఆ పేరే రాయండి. తెలుగు లిపితో పాటు గుంజాల గోండి లిపిలోనూ రాయండి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతులతో వెలుగులోకి వచ్చిన ఈ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇప్పుడు ఫోన్‌లోకీ రాగలదు, కంప్యూటర్‌లోకీ రాగలదు. మన ఊరి బోర్డు మీదికి రాకపోతే ఎలా? కొన్ని చోట్ల పేరు రాయొద్దని, ఆ బాట బయటివాళ్లకు చూపించొద్దని పెద్దలు అంటారు. పేన్ ఉన్న చోటు అది. అక్కడ బోర్డు పెట్టకపోవడమే సేవ. దేవుడి రాళ్ల మీద రంగు బాణాలు వేయొద్దు. ఫోటో తీసి లొకేషన్ పెట్టొద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వచ్చే శిబిరానికి ముందు ఈ నాలుగు పనులు చేయండి. ఒకటి, మీ గూడెం నుంచి బడికి, దవాఖానకు, నీళ్లకు పోయే బాటలను నడిచి, ఎక్కడ వాగు అడ్డమొస్తుందో, ఎంతసేపు పడుతుందో నోటుబుక్కులో రాయండి. రెండు, దాన్ని గ్రామసభలో చదివి వినిపించి, ఏ బాట ముందో ఊరితోనే తేల్చించండి. మూడు, మన చేతులతో అయ్యే పనిని శిబిరానికి, వంతెన వంటి పెద్ద పనిని ఉట్నూర్ ఐటీడీఏకు అర్జీగా పెట్టండి. శిబిరం చేశాం కదా అని సర్కారు చేయాల్సిన పనిని వదిలేయొద్దు. నాలుగు, శిబిరం అయిపోయాక ఆ దారిని చూసుకునే ఐదుగురి పేర్లు గ్రామసభ రిజిస్టర్‌లో రాయించండి. అందులో ఆడపిల్లలు తప్పక ఉండాలి. నీళ్ల బాట, కట్టెల బాట ఎక్కువగా నడిచేది వాళ్లే.

మన తెలుగులో 'అడుగు' అంటే పాదం మోపడం, 'అడుగు' అంటే ప్రశ్నించడం. రెండూ ఒకే మాట. 'నేను కాదు, మీరు' అనే నినాదానికి మన కొండల్లో అర్థం కూడా అదే. ముందు ఊరిని అడుగుదాం, ఆ తర్వాతే అడుగేద్దాం.

జై సేవా! జై జంగో! జై లింగో!