ఊరి చివర మంచి హోటలు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళివచ్చాను గనుక నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నయాగరా గురించి, వైట్‌హౌస్ గురించి ఈ వేదిక మీద ఇదివరకే పెద్దలు చెప్పారు. నేను తిండి గురించి చెబుతాను. నవ్వకండి. ఆర్నెల్లు ఉందామని వెళ్ళినవాళ్ళం, నెల తిరక్కుండానే టిక్కెట్టు మార్పించుకునే దాకా వచ్చింది వ్యవహారం. కారణం తిండే.

మా అబ్బాయి ఉండేది వర్జీనియా రాష్ట్రంలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో. వాషింగ్టన్ నగరానికి శివారు. శివారంటే మన నిడుబ్రోలు నుంచి పొన్నూరు బజారుకు నడిచి వచ్చినట్టు కాదు. కారు లేనిదే కాఫీపొడి కూడా ఇంటికి రాదు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులు. ఆదివారం వండి ఫ్రిజ్‌లో పెట్టింది గురువారం దాకా వెచ్చబెట్టుకోవడమే. మా ఇంటావిడకు అది సయించలేదు. పైకి అనదు. "ఆకలిగా లేదండీ" అనేది. మూడు వారాల్లో చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

అబ్బాయి గమనించి శనివారం శనివారం ఇండియన్ హోటలుకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. పెద్ద బజారులో అద్దాల తలుపులు, మెత్తటి కుర్చీలు. ఏ కూర తెప్పించినా అదే ఎర్రటి గుజ్జు, పైన మీగడ. ట్రెజరీలో ముప్ఫయి ఏళ్ళు బిల్లులు చూసినవాణ్ణి, ఆ బిల్లు చూస్తే నాకే చెయ్యి వణికింది. దాని మీద పన్ను, ఆపైన టిప్పు. ఒక శనివారం రాత్రి ఆవిడ ఛాతీలో మంటతో తెల్లవార్లూ కూర్చునే ఉంది. మర్నాడు "మన ఊరు పోదామండీ" అంది. పక్క గదిలో ఉన్న అబ్బాయి ఆ మాట విన్నాడు. వాడి మొహం నేను చూడలేకపోయాను.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. మన ఊళ్ళో మంచి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుందో మనకు ఎవరు చెప్పారు? బోర్డు చూసి పోలేదు గదా. తెల్లవారుజామున ఏ రేకుల షెడ్డు ముందు సైకిళ్ళు, ఆటోలు ఆగి ఉన్నాయో చూశాం. తెనాలి పోయినా, బాపట్ల పోయినా అదే పని. ఇదే మాట మా అబ్బాయితో అంటే వాడు నవ్వి, "నాన్నా, ఇక్కడ ఒక ప్రొఫెసరు దీని మీద పుస్తకమే రాశాడు" అన్నాడు. ఆయన పేరు టైలర్ కోవెన్, జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెబుతాడు. పుస్తకం 2012లో వచ్చింది. నాకు అర్థమైన మేరకు చెబుతాను. అద్దె ఎక్కువైన చోట హోటలువాడు అందరికీ పనికొచ్చేట్టు చప్పగా వండక తప్పదు. అద్దె తక్కువైన శివారు దుకాణాల వరుసలో తనవాళ్ళ నాలుకకు తగ్గట్టు వండుకోగలడు.

ఆ ప్రాంతంలోనే దీనికి నిదర్శనం ఉంది. 1975లో సైగాన్ పడిపోయాక వియత్నాం నుంచి శరణార్థులు చాలామంది అక్కడికి వచ్చారు. ఆర్లింగ్టన్‌లో క్లారెండన్ అనే చోట మెట్రో రైలు తవ్వకాల మూలంగా అద్దెలు పడిపోయి ఉంటే, అక్కడ కొట్లు పెట్టుకున్నారు. 1979లో స్టేషను తెరిచారు, అద్దెలు పెరిగాయి, పాపం వాళ్ళు మళ్ళీ మూట కట్టుకున్నారు. ఫాల్స్ చర్చ్ అనే ఊళ్ళో 1984లో మొదలైన ఈడెన్ సెంటరుకు చాలామంది చేరారు. ఇప్పుడు అక్కడ వందకు పైగా దుకాణాలు. వాకిట్లో పసుపుపచ్చ మీద మూడు ఎర్ర చారల పాత దక్షిణ వియత్నాం జెండా ఎగురుతుంటుంది. లేని దేశపు జెండా!

ఒక ఆదివారం మమ్మల్ని అక్కడికి తీసుకుపొమ్మన్నాను. "నాన్నా, మీరు శాకాహారులు, వాళ్ళు అన్నిట్లో చేప రసం పోస్తారు" అన్నాడు వాడు. నిజమే, థాయి వాళ్ళ కూరల్లోనూ పోస్తారు. కొరియావాళ్ళ కిమ్చీ కూడా పచ్చడే కదా అని తినకండి, అందులో రొయ్యలుప్పు ఉండవచ్చు. కానీ వియత్నాంలో బౌద్ధులు అమావాస్యకూ పౌర్ణమికీ నీచు ముట్టరు. అందుకని శాకాహారం వండే హోటళ్ళు వాళ్ళకూ ఉన్నాయి. బోర్డు మీద "చయ్" అనే మాట ఉందో లేదో చూసుకోవాలి, ఆపైన చేప రసం లేదు గదా అని నోరు తెరిచి అడగాలి. మొహమాటపడితే పస్తే.

మేము దూరిన హోటల్లో బల్లలకు ప్లాస్టిక్ గుడ్డ, గోడకు క్యాలెండరు. మూడు తరాల వాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నాకు ధైర్యం వచ్చింది. బియ్యప్పిండి, పసుపు, కొబ్బరిపాలు కలిపి పోసిన అట్టు తెచ్చారు. లోపల పెసరపప్పు, మొలకలు, పుట్టగొడుగులు. దాని పేరు బాన్ సెయో. సెయో అంటే పెనం మీద పిండి పడ్డప్పుడు వచ్చే చప్పుడట. మనం చుయ్‌మందంటామే, అదే. ఆకుల్లో చుట్టుకుని తినాలి. మా ఇంటావిడ పుట్టగొడుగులు పక్కకు తీసి, రెండు అట్లు తిన్నది. నూనె కొంచెం ఎక్కువేనని వంక కూడా పెట్టింది. వంక పెట్టిందంటే ఒళ్ళు కుదుటపడ్డట్టే.

పక్కనే కూరగాయల కొట్టు. తోటకూర, బచ్చలి, బీరకాయలు, కాకరకాయలు, చామదుంపలు! ఆవిడ తోటకూర కాడను గోటితో నొక్కి చూసింది. కొట్టు యజమానురాలు, మా వయసు మనిషే, అది చూసి ఆ కట్ట లాక్కుని, లోపలికి పోయి లేత కట్ట తెచ్చి ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం కూరల సంచీ, వారంలో మూడు రోజులు ఆవిడే వంట. "అత్తయ్యగారూ, మీకెందుకు శ్రమ" అంటూనే కోడలు రెండోసారి పులుసు వడ్డించుకునేది.

టిక్కెట్టు మార్పించలేదు. ఆర్నెల్లూ ఉన్నాం. మొన్న అబ్బాయి ఫోను చేశాడు. ఆ కొట్టావిడ చేత్తో గాజుల సైగ చేసి, ఏరీ అన్నట్టు అడిగిందట.

అట్టు కొలతలు కావలసిన తల్లులు మూడో వరుసలో కూర్చున్న మా ఇంటావిడను అడగండి. ఆవిడ పుట్టగొడుగుల బదులు మునగాకు వేస్తున్నది. టీ వచ్చినట్టుంది. సెలవు.