వీరాపురం చింతచెట్లు, ఆఫ్రికా అభయారణ్యాలు

బడి పిల్లలను చెరువుగట్లకు తీసుకెళ్లి పక్షులను చూపించిన మాస్టారి స్మృతిలో మాట్లాడమన్నందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. నేను చెప్పదలచింది ఒక్కటే: అభయారణ్యం నిలవాలంటే దాని పక్కన బతికేవాళ్లకు అందులో వాటా ఉండాలి.

సఫారీ అనగానే మనకు దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కు గుర్తొస్తుంది. వేట మితిమీరి జంతువులు తరిగిపోతున్న రోజుల్లో, 1898లో, పాల్ క్రూగర్ ప్రభుత్వం సాబీ అభయారణ్యాన్ని ప్రకటించింది. 1902లో జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్ దాని సంరక్షకుడయ్యాడు. 1926లో అది జాతీయ పార్కయింది. మరుసటి ఏడాది నుంచి యాత్రికుల కార్లు రాసాగాయి. జంతువులు పెరిగాయి. కానీ తరతరాలుగా అక్కడే ఉన్న మనుషులను ఖాళీ చేయించారు. 1969లో లింపోపో నది దగ్గరి మకులేకే ప్రజలనూ వెళ్లగొట్టారు. జాతివివక్ష పాలన పోయాక, 1998లో వాళ్ల భూమి వాళ్లకు దక్కింది. వాళ్లు దాన్ని దున్నలేదు. వన్యప్రాణులకే ఉంచి, పర్యాటకం మీద వచ్చే ఆదాయం తీసుకుంటున్నారు. నమీబియా 1996లో చట్టం చేసి, ఉమ్మడి భూముల్లోని గ్రామీణులకు వన్యప్రాణుల మీద హక్కులిచ్చింది.

ఆ నమీబియా నుంచే 2022 సెప్టెంబరు 17న ఎనిమిది చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనోకు వచ్చాయి. మన దేశంలో చీతా అంతరించిందని 1952లోనే ప్రకటించారు. ఆఫ్రికా చీతాలను తెచ్చుకున్నాం, మంచిదే. వాటితోపాటు ఆఫ్రికా ఆలస్యంగా నేర్చుకున్న పాఠాన్నీ తెచ్చుకోవాలి.

ఆ పాఠం మన పెన్నా లోయకు కొత్తదేమీ కాదు. కలివికోడి కథే వినండి. 1848 ప్రాంతంలో పక్షి శాస్త్రవేత్త జెర్డన్ లోకానికి తెలిపిన ఈ పక్షి, 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ ఎవరి కంటా పడలేదు. పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు దాన్ని అందించింది ఆ ప్రాంతపు వేటగాడు. ముళ్లపొదల్లో రాత్రిపూట తిరిగే పక్షి జాడ స్థానికుడికే తెలిసింది. ఆ తర్వాతే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఇక మన హిందూపురం పక్కన, చిలమత్తూరు మండలం వీరాపురం. సంక్రాంతి దరిదాపుల్లో ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకుని, వానాకాలంలో వెళ్లిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు గానీ, ఇవి మన దేశపు పక్షులే. పురిటికి వచ్చిన ఆడబిడ్డల్లా ఊరు వీటిని చూసుకుంటుంది. ఎండ మండే వేళ తల్లికొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు బార్లా చాపి పిల్లలకు నీడపడుతుంది. ఆ చెట్టు కింద రెట్ట వాసన, రాలిపడిన చేపలు, రాత్రింబవళ్లు గోల. అన్నీ భరిస్తూ ఇంటివాళ్లు కొమ్మ నరకరు, రాయి విసరనివ్వరు. అక్కడ కంచె వేసిన వార్డెన్ లేడు. ఊరే కాపలా.

అయితే ఊరి ఓర్పు ఒక్కటే సరిపోదు. ఈ కొంగ లోతులేని నీళ్లలో ముక్కు కొద్దిగా తెరిచి ముంచి, కాలితో బురద కెలికి, చేప తగలగానే పట్టుకుంటుంది. చెరువు ఎండితే గూట్లో పిల్లలు పస్తులుంటాయి. పురుగుమందులు, వ్యర్థాలు చెరువులో చేరితే ఆ విషం గూటిదాకా వస్తుంది. కాబట్టి వీరాపురం అభయారణ్యమంటే చింతచెట్లే కాదు, చుట్టుపక్కల చెరువులన్నీ దాని కిందికే వస్తాయి.

అందుకే ఈ సభ తరఫున అధికారులకు మూడు కోరికలు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు పంచేటప్పుడు కొంగలు మేసే చెరువులనూ లెక్కలోకి తీసుకోండి. కర్ణాటకలోని కొక్కరెబెళ్లూరులో ఇచ్చినట్టు, కాపు నష్టపోయే చింతచెట్ల యజమానులకు పరిహారం ఇవ్వండి. చూడవచ్చేవారి వల్ల ఆదాయం వస్తే అందులో ఊరికి వాటా ఇవ్వండి. ఇన్నాళ్లూ పైసా ఆశించకుండా కాపాడిన వీరాపురానికి ఇది మనం తీర్చవలసిన బాకీ. ఈ కోరికలు అధికారుల దాకా చేర్చే పనికి మీలో ప్రతి ఒక్కరూ పూనుకోవాలని వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.